నేలను వదిలిన బ్లేడు

కాచిగూడ స్టేషన్ నుంచి కోఠీ వైపు నడిస్తే కాసేపట్లో పాత బ్రిటిష్ రెసిడెన్సీ వస్తుంది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ 1803లో ఆ భవనం పని మొదలుపెట్టించిన నాటికి పచ్చిక కోసే యంత్రమంటూ లోకంలో ఎక్కడా లేదు. ఇక్కడైతే తోటమాలి గొంతుకూర్చుని కొడవలితో కోసేవాడు. ఇంగ్లండులో నిలబడి, పొడవాటి పిడి ఉన్న పెద్ద కొడవలి తిప్పేవారు. అక్కడి పనివాళ్లు తెల్లవారుజామునే దిగేవారు, మంచుకు తడిసిన గడ్డి కొడవలికి బాగా తెగుతుంది కాబట్టి. గడ్డి ఎంత ఎత్తున తెగాలన్నది పూర్తిగా కోసేవాడి నడుమూ మణికట్టూ చూసుకోవాల్సిన పని. చెయ్యి అలిసిందంటే ఎత్తు మారిపోయేది.

లాన్ మోవర్ చరిత్రను మామూలుగా శక్తి కథగా చెబుతారు: మనిషి, గుర్రం, ఆవిరి, పెట్రోలు. నేను దాన్ని ఎత్తు కథగా చదువుతాను. బ్లేడును నేలకు ఒకే దూరంలో పట్టి ఉంచేది ఏది? ఒక్కో తరం దీనికి చెప్పిన జవాబే ఒక్కో యంత్రం. ఈ రోజు గార్డెన్ ట్రాక్టర్ కింద దూరి, బ్లేడ్లను మోసే డెక్ నట్లు బిగిస్తూ వదులుతూ తంటాలు పడేవాళ్లు కూడా అదే ప్రశ్నతో తలపడుతున్నారు.

మొదటి జవాబు బట్టల మిల్లు నుంచి వచ్చింది. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలోని స్ట్రౌడ్ ఉన్ని బట్టకు పేరుమోసిన ఊరు. సైనికుల ఎర్ర కోట్ల గుడ్డ అక్కడ నేసేవారు. మగ్గం దిగిన ఉన్ని గుడ్డ మీద నూగు లేస్తుంది. దాన్ని సమంగా కత్తిరించి నునుపు చేయడానికి, మెలి తిరిగిన బ్లేడ్లున్న సిలిండరును గుడ్డ మీదుగా తిప్పే యంత్రం మిల్లుల్లో ఉండేది. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్కు ఆ మిల్లుల యంత్రాలతో పని. నూగును కోసేది గడ్డిని మాత్రం ఎందుకు కోయదన్న ఆలోచన ఆయనది. 1830 ఆగస్టు 31న పేటెంటు తీసుకున్నాడు. జాన్ ఫెరాబీ పెట్టుబడి పెట్టి తన ఫౌండ్రీలో యంత్రాలు చేయించాడు. తొలి యంత్రాల్లో ఒకటి లండన్ రీజెంట్స్ పార్కులోని జంతు ప్రదర్శనశాలకు వెళ్లింది. 1832 నుంచి ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ కంపెనీ కూడా లైసెన్సు తీసుకుని తయారీ మొదలుపెట్టింది.

అందరూ మెచ్చుకునేది ఆ సిలిండరును. నన్ను ఆపేసేది దాని వెనకున్న రోలర్లు. బడ్డింగ్ యంత్రంలో 19 అంగుళాల వెడల్పున బ్లేడ్లు, వెనక నేల మీద దొర్లే పెద్ద ఇనుప రోలరు, ఈ రెండింటి మధ్య ఇంకో చిన్న రోలరు ఉండేవి. ఆ చిన్న రోలరును పైకీ కిందికీ జరిపి కోత ఎత్తు మార్చుకోవచ్చు. అంటే ఎత్తును నిర్ణయించే బాధ్యత మనిషి చేతిలోంచి తీసి, నేలనే తాకుతూ పోయే ఒక వస్తువుకు అప్పగించాడు. నేల ఎక్కడ లేస్తే రోలరు అక్కడ లేస్తుంది, బ్లేడూ దాంతోపాటే లేస్తుంది. ఇదే బడ్డింగ్ అసలు గొప్పతనమని నా నమ్మకం. సర్దుబాటు చేసుకునే స్క్రూ పానా రూపకర్తల్లో కూడా ఈయన పేరు చెబుతారు. బిగింపూ సర్దుబాటూ ఆ మనిషి ఆలోచనలోనే ఉన్నాయి.

తర్వాతి 70 ఏళ్లు లాగే శక్తి మారిందే తప్ప ఎత్తు సంగతి మారలేదు. స్కాట్లండులో షాంక్స్ గుర్రం లాగే మోవర్లు చేశాడు. గిట్టల గుంటలు పడకుండా గుర్రాలకు తోలు బూట్లు తొడిగేవారు. మన దేశంలో గుర్రం స్థానంలోకి ఎద్దులు వచ్చాయి. 1893లో జేమ్స్ సమ్నర్ ఆవిరి మోవరు, 1902లో రాన్సమ్స్ పెట్రోలు మోవరు. అన్నిట్లోనూ రోలరు నేల మీదే ఉంది.

అసలు మలుపు బ్లేడు అడ్డంగా తిరగడం మొదలుపెట్టినప్పుడు వచ్చింది. సిలిండరు మోవరు కత్తెరలా కోస్తుంది: గడ్డి పరక రెండు అంచుల మధ్య, తిరిగే బ్లేడుకూ కదలని కింది బ్లేడుకూ నడుమ, ఇరుక్కుని తెగుతుంది. రోటరీ బ్లేడుకు ఆ రెండో అంచు లేదు. ఉత్త వేగంతో పరకను నరికేస్తుంది. అందుకే దానికి విపరీతమైన వేగం కావాలి. బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అమెరికా భద్రతా ప్రమాణం హద్దు పెట్టింది. అది గంటకు దాదాపు 347 కిలోమీటర్లు. సిడ్నీ శివారు కాంకర్డ్‌లో మెర్విన్ రిచర్డ్‌సన్ 1952లో తన విక్టా రోటరీ మోవరును తయారు చేసినప్పుడు పెట్రోలు ట్యాంకుగా ఖాళీ పీచ్ పళ్ల డబ్బా బిగించాడు. పొడుగ్గా పెరిగిన గడ్డినైనా రోటరీ నరుకుతుంది, ధరా తక్కువే, సాన పట్టడమూ సులువు. ఇళ్ల ముందు తోటల్లో అదే గెలిచింది. రోలరు పోయి నాలుగు చిన్న చక్రాలు వచ్చాయి. అయినా ఆ చక్రాలు బ్లేడు పక్కనే, నేల మీదే ఉన్నాయి కాబట్టి కోత పెద్దగా చెడలేదు.

చిక్కు ట్రాక్టరుతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా శివార్లలో అరెకరం, ఎకరం స్థలాల్లో ఇళ్లు లేచాయి. అంత పచ్చికను నడుస్తూ కోయడం ఎవరి వల్ల అవుతుంది? ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961 మోడల్‌గా కబ్ క్యాడెట్‌ను, జాన్ డీర్ 1963లో 110ని తెచ్చాయి. మనిషి పైన కూర్చుంటాడు, రెండు మూడు బ్లేడ్లున్న ఇనుప డెక్ ముందు వెనక చక్రాల మధ్య, బండి పొట్ట కింద వేలాడుతుంది. ఆ రోజుతో బ్లేడు నేలను వదిలింది. ఉయ్యాలబల్ల నాలుగు గొలుసుల్లో ఒకటి ఒక లింకు పొడవైతే బల్ల ఎలా ఒరుగుతుందో ఈ డెక్ కూడా అలాగే ఒరుగుతుంది. పైగా ఇక్కడ దూలమే నిలకడగా ఉండదు. డెక్ వేలాడేది చట్రానికి, చట్రం నిలబడేది గాలి నింపిన టైర్ల మీద.

డాలస్ దగ్గర ఉండే మా అక్కయ్య కొడుకు ఫోను చేసి, "మామయ్యా, కొత్త బ్లేడ్లు వేశాను, అయినా మెట్లు మెట్లుగానే తెగుతోంది" అన్నాడు. "బ్లేడు సంగతి తర్వాతరా, టైర్లలో గాలి చూశావా?" అన్నాను. చూడలేదు. ఒక వెనక టైరులో గాలి తగ్గితే ఆ వైపు చట్రం దిగుతుంది, దాంతో డెక్కూ దిగుతుంది. ఆ స్థితిలో నట్లు తిప్పితే, రేపు గాలి నింపగానే డెక్ రెండో వైపుకు ఒరుగుతుంది. అందుకే కంపెనీ చెప్పిన మేరకు అన్ని టైర్లలో గాలి సరిచేసి, బండిని గట్టి సిమెంటు నేల మీద నిలపాలి. ఇంజను ఆపి, తాళం తీసి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి, మందపాటి చేతి తొడుగులు వేసుకోవాలి. డెక్ లోపల పేరుకున్న పాత గడ్డి గీకేయాలి.

ఆ తర్వాతే కొలత. డెక్ అంచు నుంచి కాకుండా బ్లేడు కొన నుంచే కొలవాలి, ఎందుకంటే గడ్డిని కోసేది అదే. బ్లేడ్లను అడ్డంగా తిప్పి, ఎడమ చివరి కొన నుంచి నేలకు, కుడి చివరి కొన నుంచి నేలకు టేపు పెట్టాలి. తేడా ఎనిమిదో వంతు అంగుళం, అంటే మన మిస్త్రీల లెక్కలో ఒక సూత్, మించకూడదు. మించితే ఒక పక్క వేలాడే లింకు నట్టు తిప్పి సరిచేయాలి. ఒకే బ్లేడును అర చుట్టు తిప్పితే కొలత మారిందంటే ఆ బ్లేడే వంగింది. వంగిన బ్లేడును కొట్టి సాపు చేయకూడదు, మార్చేయాలి.

ఇక ముందూ వెనకా. ఇక్కడ సమానంగా పెడితే తప్పు. చాలా కంపెనీలు ముందు కొన వెనక కొన కంటే కాస్త కిందికి, సుమారు ఒకటి నుంచి మూడు సూత్‌లు, ఉండాలంటాయి. బండి ముందుకు పోతుంటే ముందు అంచు గడ్డిని కోసేస్తుంది. వెనక అంచు అదే ఎత్తున ఉంటే కోసిన గడ్డినే మళ్లీ రాచి, ఇంజను బలం వృథా చేస్తుంది, పరకల కొనలు నలుగుతాయి. కొంచెం పైకుంటే తాకకుండా పోతుంది. డెక్ అంచున ఉండే చిన్న చక్రాలు నేలకు కొద్దిగా పైన ఉండాలి. అవి బరువు మోయడానికి పెట్టినవి కావు. దిబ్బ తగిలినప్పుడు మాత్రం నేలను ముట్టుకుని డెక్‌ను ఎత్తుతాయి. బడ్డింగ్ రోలరు చేసిన పనిలో మిగిలిన చిన్న ముక్క అది.

మావాడి పెరట్లో ఉన్నది బెర్ముడా గడ్డి. మన గరికే, వినాయకుడి పూజకు పెట్టే గరిక. టెక్సస్‌లో అదే లాను. గరికకు పైన పచ్చని ఆకు, కింద ఎండు కాడలు. డెక్ ఒక పక్క దిగితే బ్లేడు ఆ కాడల్లోకి పోయి గోధుమ రంగు చారలు మిగులుతాయి. మావాడు చూసిన మెట్లు అవే. పరకలో మూడో వంతుకు మించి ఒక్కసారిగా తీయకూడదన్న నియమం కూడా డెక్ ఒరిగితే ఒక పక్క దానంతటదే తప్పిపోతుంది.

రోలరు క్రికెట్ మైదానాల్లో మాత్రం ఇంకా బతికే ఉంది. అబిడ్స్ పక్కనున్న లాల్ బహదూర్ స్టేడియంలో, అప్పటి ఫతే మైదాన్‌లో, 1955 నవంబరులో జరిగిన తొలి టెస్టులో పాలీ ఉమ్రీగర్ న్యూజిలాండ్ మీద 223 కొట్టాడు. అలాంటి ఆటల్లో పచ్చిక మీద దొర్లే బంతి వేగం కోత ఎత్తును బట్టి మారుతుంది. అందుకే పిచ్‌ల దగ్గర సిలిండరు మోవరు ఇప్పటికీ స్థానం వదల్లేదు. దానికి ఎత్తు పెట్టాలంటే నేలను కొలిచే పనే ఉండదు. యంత్రాన్ని వెనక్కి వాల్చి, ముందు రోలరు నుంచి వెనక రోలరుకు ఒక ఇనుప పట్టీ ఆనిస్తారు. ఆ పట్టీకి ఉన్న స్క్రూ తలను కావలసిన ఎత్తుకు ముందే తిప్పి ఉంచుతారు. కింది బ్లేడు అంచు ఆ తలకు ఆనేదాకా రోలరును సర్ది, ఎడమ చివరా కుడి చివరా ఒకేలా ఆనిందో లేదో చూసుకుని, నట్లు బిగిస్తారు.