కూలివాని లెక్క

పనిచేసినవానికి కూలి యిచ్చుట దయాదాక్షిణ్యములకు సంబంధించినది కాదనియు, ఋణము తీర్చుటయే యనియు నెల్లరు నంగీకరింతురు. కాని యా ఋణమెంతయో తేల్చు లెక్క యెవరి చేతిలో నుండవలెనను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము పెద్దమనుష్యులు సైతము మాట మార్తురు. మన దేశమున కూలిని గూర్చి పుట్టిన చట్టముల చరిత్రయంతయు నీ ప్రశ్న చుట్టును తిరిగినదని మా యభిప్రాయము. కంచికచర్ల ప్రాంతమును ముందుంచుకొని యా చరిత్రను పరిశీలింతము.

కృష్ణా మండలపు మెట్టసీమలో నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేటలు నల్లరేగడి నేలలకును, ప్రత్తికిని, మిరపకును పేరుపడినవి. 2022 ఏప్రిల్ నుండి ఈ సీమ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఇచ్చటి పనివాని చరిత్ర మిగుల ప్రాచీనము. జగ్గయ్యపేట చెంత ధనబోడు అను గుట్టపైనున్న బౌద్ధస్తూపశిథిలములను 1882 లో బర్జెస్ దొర పరిశోధించెను. అందలి ప్రాకృతశాసనము ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని యిరువదియవ రాజ్యసంవత్సరము నాటిది. అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దికి చెందినది. నాగచంద్రుడను శిల్పి కుమారుడును, తానును శిల్పియునైన సిద్ధార్థుడు ఐదు ఆయకస్తంభములను దానము చేసెనని యందు చెక్కబడియున్నది. రాజు పేరెంత స్పష్టముగ నున్నదో పనివాని పేరును, వాని తండ్రి పేరును, గ్రామము పేరును అంత స్పష్టముగ నున్నవి. చేతిపనిచే బ్రతుకువాడు తన సంపాదనలో మిగిల్చి దానము చేయగలిగెను. తన పేరు నిలుపుకొనగలిగెను. పిమ్మటి శతాబ్దములలో నిదే నేలను దున్ని, కలుపు తీసి, కోసి, మోసినవారి పేర్లు వెదకినచో నట్టి శాసనము మనకు కానరాదు.

మన ధర్మశాస్త్రకారులు కూలి విషయమును ఉపేక్షించినవారు కారు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో జీతము నీయకుండుట యొకటి. కూలి ముందుగా నిర్ణయింపక పని చేయించుకొన్నవాడు వర్తకమున గాని, పశువులయందు గాని, పైరునందు గాని వచ్చిన ఫలములో పదవ వంతు పనివాని కీయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ఆ స్మృతికి వ్యాఖ్యయగు మితాక్షర ననుసరించియే కేతన పదుమూడవ శతాబ్దిలో తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. 1909 లో శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రము నీ పదవ వంతునే చెప్పుచు, జీతమెగవేసినవానికి జరిమానాను గూడ విధించినది. అయినను ఈ గ్రంథములను పొగడి యూరకుండుట న్యాయము కాదు. ఆ శాస్త్రములే వర్ణమును బట్టి మనుష్యుని విలువను హెచ్చుతగ్గులు చేసినవి. సేవయే కొందఱికి జన్మసిద్ధమైన ధర్మమని చెప్పినవి. పుట్టుకచేతనే సేవకుడైనవాడు న్యాయసభలో నిలిచి తన లెక్క చెప్పుటెట్లు? విధి యున్నది, దానిని కోరుటకు వలసిన సమానత్వము లేదు.

తెలుగుసీమలో సేద్యమునకు కుదిరిన పనివానికి పాలేరు, పాలికాపు అని పేర్లు. పాలికాపు అను మాటలో పాలు, అనగా వాటా, అను శబ్దము వినవచ్చుచున్నను, వ్యవహారమున వానికి మిగిలినది వాటా కాదు, ఏడాది జీతము. అది పెక్కుచోట్ల ధాన్యరూపముననే కొలువబడెడిది. కుదిరినప్పుడే కొంత రొక్కము ముందుగ నిత్తురు; ఇంట పెండ్లి గాని, రోగము గాని వచ్చినచో మఱికొంత. ఆ బాకీ తీఱువఱకు పాలేరు వేఱొకరి చెంతకు పోరాదు. పనికి రాని దినము 'నాగా' యని లెక్కకెక్కును. చీకటితో లేచి పశువులకు మేతవేసినది, రాత్రివేళ పొలమునకు నీరు కట్టినది, కళ్లమున కావలి పండుకొన్నది మాత్రము లెక్కకెక్కదు. నాగాకు పద్దు కలదు. అధికశ్రమకు పద్దు లేదు. ఒక వైపు మాత్రమే వ్రాయబడిన యీ చిట్టాయే మన వ్యవసాయకార్మికుని దైన్యమునకు మూలము.

ఆంగ్లేయుల న్యాయస్థానములు వచ్చిన పిమ్మట నీ చిట్టా సరిపడినదని తలంపరాదు. ఇంగ్లండులో మహామారివలన జనక్షయము కలిగి కూలి హెచ్చినప్పుడు, 1351 లో చేసిన శాసనము కూలి పెరుగకుండ నడ్డగించుటకే పుట్టెను. మన దేశమున 1859 లో చేయబడిన పదుమూడవ చట్టమును యజమానుని పక్షముననే నిలిచినది. ముందుగ సొమ్ము పుచ్చుకొని పనికి రాని కూలివాడు మేజిస్ట్రేటు ఆజ్ఞను మీఱినచో మూడు మాసముల వఱకు ఖైదు ననుభవింపవలెను. పని చేయించుకొని కూలి యెగవేసిన యజమానునికి మాత్రము అట్టి ఖైదు అందు లేదు. మొదట చెన్నపురి మొదలగు మహానగరములకై చేసిన యీ చట్టము క్రమముగ నితరప్రాంతములకును వ్యాపించి, 1925 లో గాని రద్దు కాలేదు. అఱువదియాఱు సంవత్సరములు చట్టము కన్నులకు యజమానుని సొమ్ము కనబడెనే కాని కూలివాని కాలము కనబడలేదు.

ఆ కాలము మొదట కనబడినది పొలములో కాదు, మిల్లులో. గడియారము ననుసరించి యంత్రము నడచుచోట గంటలను కొలుచుట సులభము గదా. 1881 నాటి మొదటి ఫ్యాక్టరీ చట్టము పిల్లల పనిని దినమునకు తొమ్మిది గంటలకు మించరాదని చెప్పి, పెద్దవారిని గుఱించి యూరకున్నది. 1911 లో నేతమిల్లులలోని మగవారికి పండ్రెండు గంటల మేర యేర్పడెను. 1918 ఏప్రిల్‌లో చెన్నపురి మిల్లుల పనివారికై చెల్వపతిసెట్టి, రామానుజులునాయుడు గార్ల ప్రయత్నముచే, వాడియాగారి యధ్యక్షతను మద్రాసు లేబరు యూనియను వెలసెను. మధ్యాహ్నము అన్నము తినుటకు చాలినంత విరామము లేదన్నది వారి మొదటి మొఱలలో నొకటి. పిమ్మట ఏడాది పొడుగున నడచు ఫ్యాక్టరీలలో వారపుపనికి 1922 చట్టము అఱువది గంటలను, 1934 చట్టము ఏబదినాలుగింటిని, 1946 సవరణ నలువదియెనిమిదింటిని మేరగ నేర్పఱచెను. మేర దాటిన గంటకు 1922 లో పావు వంతు హెచ్చుగ నున్న కూలి, 1948 ఫ్యాక్టరీ చట్టమునందు రెట్టింపైనది.

ఈ రెట్టింపును కొందఱు బహుమానమని తలంతురు. అది పొరపాటు. అలసిన దేహమునుండి తీసికొన్న తొమ్మిదవ గంట మొదటి గంటతో సమానము కాదు. అందు మఱునాటి బలము గూడ ఖర్చగును. అంతియ కాదు. అదనపు గంట చౌకయైనచో యజమానుడు ఇద్దఱి పనిని ఒకనిచేత చేయించుకొనును. ప్రియమైనచో రెండవవానికి పని కల్పించును. కావున ఓవర్‌టైము కూలి యన్నది పనివాని దేహమునకును, పనిలేనివాని యాశకును కూడ వేసిన కంచె.

విట్లీ కమిషను 1931 లో నివేదిక సమర్పించిన పిమ్మట 1936 లో జీతముల చెల్లింపు చట్టము వచ్చినది. జరిమానాల పేర యిష్టానుసారము జీతము కోయుటను అది మాన్పి, రూపాయికి అర్ధణాకు మించరాదని నిబంధించెను. ప్రభుత్వమున కార్మికసభ్యుడుగా నున్న అంబేడ్కరుగారు 1946 ఏప్రిల్‌లో కనీసవేతనముల బిల్లును ప్రవేశపెట్టిరి. జగజ్జీవనరాముగారు మంత్రిగా నుండగా 1948 మార్చిలో నది చట్టమై యమలులోనికి వచ్చెను. వ్యవసాయము ఆ చట్టము పరిధిలో చేర్చబడుట మన చరిత్రలో గొప్ప ఘట్టము. తెలుగువాడగు వి.వి. గిరిగారు కేంద్రమున కార్మికమంత్రిగ నుండి, బ్యాంకు ఉద్యోగుల వివాదమున వచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినందులకు 1954 లో పదవిని త్యజించిరి. కూలివాని పక్షమున వచ్చిన తీర్పు మంత్రిపదవికన్న తక్కువది కాదని యాయన చూపిరి.

ఇన్ని చట్టములు పుట్టినను పల్లెలో లెక్క మాఱలేదేల? 1948 చట్టము ప్రకారము తక్కువ కూలి పొందినవాడు ఆఱు మాసములలోపల ఫిర్యాదు చేసికొనవలెను. రుజువైనచో బాకీకి పది రెట్ల వఱకు పరిహారము విధింపవచ్చును. కాగితముపై నిది ఘనమైన హక్కే. కాని యెవని పొలముమీద రేపటి యన్నము ఆధారపడియున్నదో, ఎవని యప్పు ఇంటిపై నున్నదో, వానిపై ఫిర్యాదు చేయుటెట్లు? 1968 ఫిబ్రవరిలో కంచికచర్లలో కోటేశు అను దళితయువకునిపై దొంగతనము మోపి సజీవముగ దహించిరి. ఆ ఘోరము పార్లమెంటు వఱకు ప్రతిధ్వనించెను. ఆ యూరివాడే యైన కవి కలేకూరి ప్రసాదు తన కవిత్వమున నా పేరును నిలిపెను. ఇది కూలి తగవు కాదు గదా, ఇచ్చట నేల ప్రస్తావించితిరని యడుగుదురేమో. ఒక దళితునిపై నేరము మోపి, విచారణ లేకయే ప్రాణము తీయుటకు వెఱవని చోట, అట్టివాడే 'నా గంటల లెక్క చూపుడు' అని నిలదీయగలడా? ప్రాణమునకు పూచీ లేని చోట పరిహారపు సెక్షనులు వ్యర్థములు. కూలిహక్కునకు పునాది చట్టము కాదు, మనుష్యమర్యాద. చట్టము దానిపై లేచిన గోడ.

ఈ సంబంధమును సర్వోన్నతన్యాయస్థానము గుర్తించినది. ఢిల్లీలో ఆసియా క్రీడల కట్టడములలో పనిచేసిన కూలీల వ్యాజ్యెమున 1982 లో భగవతిగారి ధర్మాసనము, కనీసవేతనమునకు తక్కువగ పని చేయించుట రాజ్యాంగము 23 వ అధికరణము నిషేధించిన నిర్బంధచాకిరియే యగునని తీర్పు చెప్పినది. కొరడా చూపినప్పుడే నిర్బంధము కాదు. ఆఁకలి చూపి పని చేయించుటయు నిర్బంధమే. అప్పునకు బదులు మనుష్యుని కట్టివేయు ఆచారము అంతకుముందే 1976 చట్టముచే నిషిద్ధమైయుండెను.

పార్లమెంటు 2019 లో ఆమోదించిన వేతనసంహిత 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చినది. 1936, 1948 చట్టములు అందు లీనమైనవి. కొన్ని పనులకే పరిమితమైయుండిన కనీసవేతనపు హక్కు ఇప్పుడెల్ల పనులకును వర్తించును. సాధారణపు పనిదినము దాటిన గంటకు రెట్టింపునకు తగ్గని కూలి యీయవలెను. దినకూలి నానాటికే చెల్లింపవలెను. నెలజీతము మఱునెల ఏడవ దినము దాటరాదు. ఫిర్యాదునకు గడువు మూడేండ్లకు పెరిగినది. అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి: కూలి ముట్టలేదని పనివాడు ఫిర్యాదు చేసినచో, చెల్లించితినని రుజువు చేయవలసిన భారము యజమానునిపై నున్నది. మేము మొదట నడిగిన ప్రశ్నకు చట్టమిచ్చిన సమాధానమిదియే. ఐనను సేద్యమునకు ఐదుగురికి మించకుండ కూలీలను పెట్టుకొన్న రైతునకు రిజిస్టరును, జీతపు చీటీని ఆ సంహితయే మినహాయించి, అడిగినప్పుడు తగిన రుజువు చూపిన చాలునన్నది. చిన్నరైతు కష్టము తెలిసి చేసిన మినహాయింపే కాని, కంచికచర్లవంటి చోట లెక్క మరల నోటిమాటకే వచ్చినది.

నోటిమాటవలన నష్టమెంతయో లెక్కించి చూతము. ఎనిమిది గంటల పనిదినమున నొకడు పండ్రెండు గంటలు పనిచేసెననుకొందము. అదనపు నాలుగు గంటలకు రెట్టింపు చొప్పున ఎనిమిది గంటల కూలి రావలెను, మొత్తము పదునాఱు. గంటకు గంట చొప్పుననే యిచ్చినచో దినమునకు నాలుగు గంటల కూలి పోవును. నెలకు ఇరువదియాఱు పనిదినములైనచో నూట నాలుగు గంటలు, అనగా పదుమూడు దినముల జీతము. ఒక్క దినకూలియే యిచ్చి పంపినచో ఇరువదియాఱు దినములది, అనగా మఱొక నెలజీతము మొత్తము పోవును. నెల దాటునప్పటికి రెండవ జీతమొకటి తన చేతికి రాకయే పోయినదని యా మనుష్యు డెఱుగడు.

రైతునకే గిట్టుబాటు లేనప్పుడు కూలికి రెట్టింపెక్కడిదని కొందఱందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. మిరపధర పడిపోయిన యేట కౌలురైతు బాధ మేమెఱుగుదుము. కాని ధర పెరిగిన యేట కూలివానికి లాభములో వంతు ఈయనివారు, ధర తగ్గిన యేట నష్టములో వంతు పెట్టుట యే న్యాయము? రైతు తన పంటకు న్యాయమైన ధర నడుగుచున్నాడు. కూలివాడు తన గంటకు అదే యడుగుచున్నాడు. ఇద్దఱి కోరికయు నొక్కటియే. మొదటివాని మొఱ విననివారిపై గల కోపమును రెండవవాని కూలిలో తీర్చుకొనరాదు.

కావున మేము చెప్పదలచినది స్వల్పము. ప్రతి కూలివాని చేతిలోను చిన్న పుస్తకమొకటి యుండవలెను. వచ్చిన వేళ, పోయిన వేళ, ముట్టిన కూలి అందు వ్రాయబడవలెను. పని చేయించినవాడు నానాడే చేవ్రాలు చేయవలెను. వ్రాయలేనివారికి వారి బిడ్డలు వ్రాసిపెట్టవలెను. బడిలో గణితము నేర్పు మావంటివారు చక్రవడ్డీ లెక్కలతోపాటు ఓవర్‌టైము లెక్కను గూడ నేర్పవలెను. హాజరుపట్టీని, జీతపు చీటీని చదువుట యెనిమిదవ తరగతి దాటిన ప్రతి బాలునికిని, బాలికకును వచ్చియుండవలెను. పంచాయతీ కచేరీ గోడపై నానాటి కనీసకూలి రేటు పెద్దయక్షరములతో వ్రాయించుటకు పెద్ద ఖర్చు కాదు. ఇవి విప్లవములు కావు. కాని యజమానుని చిట్టాకు ఎదుట పనివాని చిట్టా నిలిచిననాడు, ఇంతకాలము కాగితముపై నున్న హక్కు కూలివాని చేతికి వచ్చును.