గాంధారి ఖిల్లాలో బతికింది ఎవరు?

మందమర్రి మండలం బొక్కలగుట్ట దగ్గరి అడవిలో ఉన్న గాంధారి ఖిల్లా అనగానే మనం ఏ రాజు కట్టించిండని అడుగుతాం. అక్కడ బతికినోళ్ల గురించి మాత్రం అడగం.

గుట్ట మీద రాతిని తొలిచిన బావులున్నాయి. ఆ నీళ్లు రాజు ఒక్కడికేనా? కావలి కాసినోళ్లకు, వంట చేసినోళ్లకు, పశువులకు కూడా. బావి ఉందంటే అక్కడ మనుషులు కాపురమున్నట్టే. బండపై కాలభైరవుడిని చెక్కిన చేతులూ ఎవరో పనోళ్లవే. ఏటా మాఘమాసంలో నాయకపోడ్లు మైసమ్మ జాతర చేస్తున్నారు కాబట్టే అక్కడ దీపం ఇంకా ఆరలేదు.

కింద బొగ్గుకు సింగరేణి టన్నుల్లో లెక్క రాస్తది. పైన రాళ్ల లెక్క మనమే రాయాలి. ఈసారి జాతరకు పోయినప్పుడు బండల మీద మన పేర్లు రాయొద్దు. పెద్దల్ని అడిగి ఒక్కో బావి, ఒక్కో బండ పేరు నోటుబుక్కులో రాసుకుందాం.