అమ్మానాన్నలతో కెయిర్న్స్: సెలవుల ప్రయాణానికి ఒక ప్రణాళిక

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే సిడ్నీ తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒకటే వరస. మొదటి వారం ఒపేరా హౌసూ, హార్బర్ బ్రిడ్జీ. రెండో వారం బ్లూ మౌంటెన్సూ, హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడీ. మూడో వారానికి మనం ఆఫీసులకీ, పిల్లలు బడికీ. పెద్దవాళ్ళకి మిగిలేది టీవీ సీరియళ్ళూ, సాయంత్రం ఎడ్మండ్‌సన్ పార్క్ స్టేషన్ దాకా నడకా! అందుకే ఈ మధ్య మిత్రులు చాలామంది "పెద్దవాళ్ళని కెయిర్న్స్ తీసుకెళ్ళొచ్చా? మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తిరగగలరా? పిల్లల్ని నీళ్ళలోకి దింపొచ్చా?" అని అడుగుతున్నారు. మేము అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో వెళ్ళొచ్చాం కాబట్టి, తెలిసినవన్నీ ఒక్కచోట రాసిపెడితే పదిమందికీ పనికొస్తుందని ఈ వ్యాసం.

ఊరు ఎక్కడుంది?

క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు ఉత్తర భాగంలో, దక్షిణ అక్షాంశం సుమారు 17 డిగ్రీల దగ్గర ఉంది కెయిర్న్స్. మన కాకినాడ భూమధ్యరేఖకి ఎంత ఉత్తరంగా ఉందో, ఇది ఇంచుమించు అంత దక్షిణంగా ఉందన్నమాట. మా నాన్నగారిది కాకినాడే. విమానం దిగగానే "ఇదేమిట్రా, మన ఊరి గాలిలాగే ఉందీ!" అన్నారు. మడ అడవులూ, మామిడి చెట్లూ, చెరకు తోటలూ, ఒంటికి అంటుకునే ఉక్కపోతా అన్నీ ఉన్నాయి. 1876లో ఏర్పడిన ఈ ఊరికి అప్పటి క్వీన్స్‌లాండ్ గవర్నరు విలియం వెలింగ్టన్ కెయిర్న్స్ పేరు పెట్టారు.

ఒకవైపు సముద్రంలో గ్రేట్ బారియర్ రీఫ్, ఇంకోవైపు కొండల మీద వర్షారణ్యం. రీఫ్‌ని 1981లో, అడవిని 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండూ ఒకే ఊరినుంచి చూడగలగడమే ఇక్కడి విశేషం.

ఎప్పుడు వెళ్ళాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. చాలామంది డిసెంబరు, జనవరి సెలవులకి టిక్కెట్లు కొనేస్తారు. అక్కడ వానాకాలం సరిగ్గా అప్పుడే. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలూ, తుపాన్లూ. 2006 మార్చిలో లారీ, 2011 ఫిబ్రవరిలో యాసీ తుపాన్లు ఆ తీరాన్ని ఊడ్చేశాయి. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను వెంట వచ్చిన వరదకి కెయిర్న్స్ విమానాశ్రయమే నీట మునిగింది. అప్పుడు వెళ్ళకూడదని కాదు, రద్దయితే డబ్బు తిరిగొచ్చే టిక్కెట్లూ, ప్రయాణ బీమా లేకుండా వెళ్ళకూడదు.

జులై సెలవుల్లో పగలు 26 డిగ్రీలు, ఉక్క తక్కువ, హాయిగా ఉంటుంది. కానీ ఆ రోజుల్లో ఆగ్నేయపు గాలి గట్టిగా వీస్తుంది, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. పడవలో కడుపు తిప్పేవాళ్ళకి కష్టం. పైగా దక్షిణాది చలి తప్పించుకోవడానికి అందరూ అప్పుడే వస్తారు కాబట్టి ధరలు ఎక్కువ.

నన్నడిగితే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో వచ్చే బడి సెలవులు అన్నిటికన్నా నయం. గాలి తగ్గుతుంది, వానలింకా మొదలవవు, జెల్లీఫిష్ కాలమూ ఇంకా రాదు. అన్నట్టు, క్వీన్స్‌లాండ్ వాళ్ళు గడియారాలు ముందుకు జరపరు. అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా కెయిర్న్స్ మనకంటే ఒక గంట వెనక. తిరుగు విమానం దిగాక పికప్ చెప్పుకునేటప్పుడు ఈ గంట గుర్తుంచుకోండి.

ప్రయాణం, సామాను

ఎడ్మండ్‌సన్ పార్క్‌లో రైలెక్కి, తర్వాతి స్టేషన్ గ్లెన్‌ఫీల్డ్‌లో టీ8 లైనుకి మారితే నేరుగా డొమెస్టిక్ టెర్మినల్ కిందే దిగవచ్చు. అయితే విమానాశ్రయం స్టేషన్లకి మామూలు ఛార్జీ మీద ప్రత్యేక రుసుము ఉంది. నలుగురైదుగురుంటే కారో, టాక్సీయో లాభమేమో లెక్క చూసుకోండి. విమానంలో సుమారు మూడు గంటలు.

మన ఆడవాళ్ళకి ఒక శుభవార్త. దేశంలోపలి విమానాల్లో 100 మిల్లీలీటర్ల నియమం లేదు. ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టుకోవచ్చు, బరువు పరిమితి మాత్రం దాటకూడదు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, చింతపండు పట్టుకెళ్తే అమ్మకి నిశ్చింత. పళ్ళూ, కూరగాయలూ మాత్రం రాష్ట్రాల మధ్య తీసుకెళ్ళడానికి నియమాలున్నాయి. అక్కడి అరటిపళ్ళు బాగున్నాయని గెల కొనుక్కుని తేవడం లాంటివి పెట్టుకోవద్దు.

పెద్దవాళ్ళ ఆరోగ్యం

విజిటర్ వీసా మీద వచ్చిన మన తల్లిదండ్రులకి మెడికేర్ వర్తించదు. ఆస్ట్రేలియాకి కొన్ని దేశాలతో పరస్పర వైద్య ఒప్పందాలున్నాయి కానీ అందులో ఇండియా లేదు. కాబట్టి బీమా కాగితాలు వెంట ఉంచుకోండి. పాత జబ్బులకి అది వర్తిస్తుందో లేదో, పడవ ప్రయాణం, స్నోర్కెలింగ్ అందులో ఉన్నాయో లేదో ముందే చదవండి. క్వీన్స్‌లాండ్ నివాసులకి అంబులెన్సు ఉచితం, న్యూ సౌత్ వేల్స్ నుంచి వెళ్ళే మనకి ఆ సౌకర్యం వర్తించదు. మన కవర్ కూడా చూసుకోవాలి.

బీపీ, షుగరు మందులు చేతిసంచిలోనే ఉండాలి. పడవ వికారానికి మాత్ర వేసుకునేట్లయితే, అది వాళ్ళ మందులతో పడుతుందో లేదో బయల్దేరేముందే మన జీపీని అడగండి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు స్నోర్కెలింగ్ చేయకపోవడమే మంచిది. అద్దాల పడవలో కూర్చుని చూస్తే సరిపోతుంది.

ఆరు రోజుల ప్రణాళిక

*మొదటిరోజు:* కెయిర్న్స్ "బీచ్ రిసార్ట్" అని పేరేగానీ, ఊళ్ళో ఇసుక బీచి లేదు! ఎస్ప్లనేడ్ ముందున్నది బురదనేల. పోటు తీసినప్పుడు కొంగలూ, పెలికన్లూ కనిపిస్తాయి. ఆ లోటు తీర్చడానికి 2003లో 4,800 చదరపు మీటర్ల ఉప్పునీటి కొలను కట్టారు. ప్రవేశం ఉచితం, లైఫ్‌గార్డులుంటారు. పిల్లల్ని అక్కడ వదిలితే పెద్దవాళ్ళు చెట్టు నీడన కూర్చోవచ్చు.

*రెండోరోజు:* రీఫ్. దీన్ని మొదట్లోనే పెట్టుకోండి. గాలివల్ల పడవ రద్దయితే మరో రోజు మిగిలి ఉంటుంది. పెద్దవాళ్ళతో అయితే గ్రీన్ ఐలండ్ తేలిక. 27 కిలోమీటర్లు, పడవలో ముప్పావుగంట, దీవి మీద చదునైన నడకదారి. పక్కనున్న ఫిట్జ్‌రాయ్ ఐలండ్‌లో కొండదారులూ, ఇసుకకి బదులు విరిగిన పగడాల ఒడ్డూ. మోకాళ్ళకి కష్టం. అసలైన బయటి రీఫ్ చూడాలంటే గంటన్నర ప్రయాణం. అక్కడ లంగరేసిన తేలే వేదికల మీద నీడ, భోజనం, అద్దాల పడవ అన్నీ ఉంటాయి.

*మూడోరోజు:* కురండా. 1882 వానాకాలంలో దారులు తెగిపోయి హర్బర్టన్ తగరపు గనుల వాళ్ళు తిండికి అల్లాడిపోయారట. ఆ కష్టంలోంచి పుట్టిన రైలుదారి ఇది. 1886లో మొదలుపెట్టి 1891కి కురండా చేర్చారు. 15 సొరంగాలు. విశాఖ నుంచి అరకు రైలెక్కినవాళ్ళకి ఆ సంబరం మళ్ళీ గుర్తొస్తుంది. వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు అడవిమీదుగా ఏడున్నర కిలోమీటర్ల స్కైరైల్ కేబుల్ కారు ఎక్కితే రెండూ చూసినట్టవుతుంది. వానలు లేని కాలంలో బారన్ జలపాతంలో నీళ్ళు సన్నగా ఉంటాయి, ఫోటోల్లో చూసినంత ఆశించకండి.

*నాలుగోరోజు:* విశ్రాంతి. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఇది తప్పనిసరి. ఓపికుంటే సాయంత్రం పామ్ కోవ్ బీచి.

*అయిదోరోజు:* కారు తీసుకుని మోస్‌మన్ గోర్జ్, డెయిన్‌ట్రీ వైపు, లేదా అథర్టన్ పీఠభూమి వైపు. పీఠభూమి మీద యుంగాబుర్రా దగ్గరి కర్టెన్ ఫిగ్ చెట్టు చూస్తే మన ఊరి మర్రిచెట్టు తాతగారిని చూసినట్టుంటుంది. *ఆరోరోజు* తిరుగు ప్రయాణం.

స్కూబా డైవింగ్ చేసేవాళ్ళకి ఒక మాట. డైవింగ్ తర్వాత 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కకూడదు. కురండా, అథర్టన్ కూడా ఎత్తు ప్రదేశాలే కాబట్టి ఆ రోజు అటూ వెళ్ళకండి.

నీళ్ళ దగ్గర జాగ్రత్తలు

ఈ భాగం మాత్రం దయచేసి ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి.

నవంబరు నుంచి మే దాకా తీరంలో ప్రాణాంతకమైన జెల్లీఫిష్‌లుంటాయి. బాక్స్ జెల్లీఫిష్ ఒకటి, వేలిగోరంత ఉండే ఇరుకాంజీ ఇంకొకటి. 1961లో కెయిర్న్స్ డాక్టరు జాక్ బార్న్స్ ఈ చిన్నదాన్ని పట్టుకుని, జబ్బుకి కారణం ఇదేనని రుజువు చేయడానికి తన ఒంటిమీదా, తొమ్మిదేళ్ళ కొడుకు మీదా, ఒక లైఫ్‌గార్డు మీదా కుట్టించుకుని చూశాడు. ముగ్గురూ ఆసుపత్రి పాలయ్యారు, బతికారు. 2002లో మాత్రం ఇద్దరు పర్యాటకులు ఇరుకాంజీ వల్ల చనిపోయారు. బీచిల్లో కట్టిన వలలు పెద్దవాటిని ఆపుతాయిగానీ ఈ చిన్నదాన్ని పూర్తిగా ఆపలేవు. అందుకే ఒళ్ళంతా కప్పే స్టింగర్ సూట్ వేసుకోవాలి. ఈత దుస్తులకి మొహమాటపడే మన ఆడవాళ్ళకి ఇది మరీ అనుకూలం! కుడితే వెనిగర్ పోసి, వెంటనే 000కి ఫోన్ చేయండి.

రెండోది మొసళ్ళు. నదీముఖాల్లో, వాగుల్లో, మడ అడవుల దగ్గర ఉప్పునీటి మొసళ్ళుంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట కాళ్ళు కడుక్కోవడానికి కూడా ఒడ్డుకి వెళ్ళొద్దు.

మూడోది, నా ఉద్దేశంలో అన్నిటికన్నా పెద్దది, మంచినీళ్ళే. 2024 జులైలో పీఠభూమి మీది మిల్లా మిల్లా జలపాతంలో ఇద్దరు తెలుగు యువకులు మునిగి చనిపోయారు. చదువుకోసం వచ్చి, సరదాగా తిరగడానికి వెళ్ళిన పిల్లలు. ఫోటోల్లో ఆ కొలను ఎంతో ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ జలపాతం కింద లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, నీళ్ళు చల్లగా ఉంటాయి, లైఫ్‌గార్డు ఉండడు. గోదావరి ఒడ్డున పుట్టామన్నంత మాత్రాన ఈత వచ్చినట్టు కాదు. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చని చెప్పుకునేవాళ్ళకి కూడా వచ్చింది మోకాలిలోతు ఈతే. రానివాళ్ళు జలపాతాల దగ్గర గట్టుమీదే ఉండండి. సముద్రంలో ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగండి. ఎవరైనా మునుగుతుంటే దూకకండి, తేలేదేదైనా విసరండి, సాయం పిలవండి. కొత్తగా వచ్చిన విద్యార్థులు మీ ఇంటికి భోజనానికి వస్తే ఈ నాలుగు ముక్కలూ చెప్పి పంపండి.

ఎందుకు ఇప్పుడే?

రీఫ్ ఇలాగే ఉండిపోదు. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడిపోవడం 2016 నుంచి 2025 లోపలే ఆరుసార్లు పెద్దఎత్తున జరిగింది. కొన్నిచోట్ల పగడాలు కోలుకున్నాయి, కొన్నిచోట్ల లేదు. అమ్మానాన్నల మోకాళ్ళ సంగతీ అంతే, వచ్చేసారి చూద్దాంలే అనుకోవడానికి లేదు. అద్దాల పడవలోంచి చిలకచేపల్ని చూస్తూ మా అమ్మ "ఇన్ని రంగులు ఏ దేవుడద్దాడ్రా!" అంది. ఆ ఒక్క మాటకి టిక్కెట్టు డబ్బులు గిట్టాయి.

వీసా గడువు చూసుకుని, సెప్టెంబరు సెలవులకి ఇప్పటినుంచే చూడండి. శుభప్రయాణం!