సెగ తగిలిన తోలు

ఆషాఢ బోనాల్లో హైదరాబాద్ బోరబండ బస్తీల ఊరేగింపు కదలాలంటే ముందు డప్పు మోగాలి. డప్పు మోగాలంటే మంట కావాలి. సందు మలుపులో పాత కాగితాలు, ఎండుగడ్డి పోగేసి అంటిస్తారు. తోలు డప్పు ఉన్నవాళ్లు దాన్ని మంటకు ఎదురుగా పట్టి తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చూస్తారు. మొదట దబ్‌దబ్‌మని బద్ధకంగా పలికిన తోలు కాసేపటికి ఖంగుమంటుంది. తేమ ఆవిరై తోలు బిగుసుకుంటుంది, శ్రుతి పైకి లేస్తుంది.

అమెరికాలో జాజ్ డ్రమ్మర్లదీ ఒకప్పుడు ఇదే అవస్థ. 1937లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో జీన్ క్రూపా హోరెత్తించినప్పుడు ఆయన డ్రమ్ముల మీద ఉన్నది దూడతోలే. వానరోజున అది సడలేది, పొడిగాలికి బిర్రబిగిసేది. 1957లో రెమో బెల్లీ పెట్టిన కంపెనీ మైలార్ అనే ప్లాస్టిక్ పొరతో డ్రమ్‌హెడ్లు అమ్మడం మొదలుపెట్టాక ఆ బెడద తీరింది. ఆ పాత నాదం కూడా పోయింది. తోలు మందం అంతటా ఒకేలా ఉండదు, లోపల పీచు అల్లిక ఉంటుంది. అందుకే కీచుమనే పైస్వరాలు త్వరగా అణిగి, గుండ్రటి మోత మిగులుతుంది. అది కావాలని డ్రమ్మర్లు మళ్లీ అడిగితే, అదే కంపెనీ తోలును పోలిన ఫైబర్‌స్కిన్ తయారుచేసింది.

మన డప్పుకు తోలును సిద్ధం చేసింది ఎక్కువగా మాదిగల చేతులు. మేకతోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తడి ఆరకముందే చట్రానికి లాగి, చింతగింజల జిగురుతో అంటించి ఎండబెడతారు. ఎక్కడ పలచన, ఎక్కడ మందం అన్నది వేళ్లే చెబుతాయి. వాయించేటప్పుడు కుడిచేతిలో సిర్ర అనే కర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. ఇంత విద్య ఉన్నవాళ్లను ఊరు మాత్రం చావుకూ చాటింపుకూ వెట్టిగా పిలిచింది. గౌరవం ఇవ్వలేదు. ఆ అవమానం భరించలేక డప్పును పక్కన పెట్టేసినవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ ఉద్యమం మాత్రం ఆ చాటింపు పేరునే తన పేరుగా తీసుకుంది: దండోరా. తర్వాత తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీదా డప్పు మోగింది.

హైదరాబాద్ దరువులో మరో పాయ కూడా ఉంది. నిజాం కాలంలో వచ్చిన ఆఫ్రికా మూలాల సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులు తెచ్చిన మర్ఫా సంగీతం అది. నగరం తీన్‌మార్‌లో దాని నడక ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇప్పుడు ఊరేగింపుల్లో ఫైబర్ డప్పులు ఎక్కువయ్యాయి. కారణం సబబైనదే. బోనాలు వచ్చేది వానల్లో. ఫైబర్ తడవదు, మంట అడగదు, బరువు తక్కువ. రోజంతా నడుస్తూ వాయించేవాళ్లకు అది చిన్న మేలు కాదు. అయినా దాని మోత చెవిలో గుచ్చుకుంటుంది. తోలు మోత గుండెలో దిగుతుంది.

ఈసారి బోనాల్లో ఎవరైనా తోలు డప్పుకు సెగ చూపిస్తుంటే కాసేపు ఆగండి. మంటకు ముందు ఒక దెబ్బ, తర్వాత ఒక దెబ్బ వినండి. ఆ తోలు ఎవరు బిగించారో కూడా అడగండి.