వేలి చివరి చుక్క: షుగర్ స్ట్రిప్పు పుట్టుపూర్వోత్తరాలు

బహ్రెయిన్ దేశపు సిత్రాలో తెలుగువాళ్లుండే ఏ గదిలోనైనా మంచం కింద పెట్టె తెరిస్తే ఇంటినుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా, కారప్పొడి పొట్లం కనిపిస్తాయి. నలభై దాటినవాళ్ల పెట్టెల్లో చాలాచోట్ల ఇంకో సరుకు కూడా ఉంటుంది. అరచేతిలో ఇమిడే షుగర్ మిషను, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో స్ట్రిప్పులు, సూది పెట్టే పెన్ను. గల్ఫ్ బతుకులో జబ్బును కనిపెట్టి చెప్పే మనిషి పక్కన ఉండదు. "ఈ మధ్య మరీ చిక్కిపోయావు", "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు" అని అడిగే భార్య జగిత్యాలలోనో రాజోలులోనో ఉంటుంది. ఆ పని ఇక్కడ స్ట్రిప్పు చేయాలి. అందుకే మిషను కన్నా ముందు ఆ పల్చటి పట్టీ సంగతి తెలుసుకోవాలంటాను.

రాజధాని మనామా నుంచి వంతెన దాటితే వచ్చే సిత్రా ద్వీపం ఒకప్పుడు ఖర్జూర తోటలకూ మంచినీటి ఊటలకూ పేరు. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది. 1936లో సిత్రా దగ్గర రిఫైనరీ నడవడం మొదలైంది. సముద్రంలోకి సాగిన జెట్టీ, వరసలు తీరిన చమురు ట్యాంకులు, ఆ తర్వాత పెట్రోకెమికల్ కర్మాగారం, ఫ్యాబ్రికేషన్ షెడ్లు, గ్యారేజీలు వచ్చి తోటల ద్వీపాన్ని పనిచోటుగా మార్చేశాయి. వెల్డింగ్, స్కాఫోల్డింగ్, డ్రైవింగ్ పనుల కోసం నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచీ కోనసీమ, కడప వైపు నుంచీ మనవాళ్లు వస్తూనే ఉన్నారు. షిఫ్టు డ్యూటీ, కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు నుంచి ఖుబూస్ రొట్టె, గంటకో తియ్యటి టీ, రాత్రి పొద్దుపోయాక కడుపునిండా అన్నం. ఇరవై ఏళ్ల వయసులో ఇవేవీ పట్టవు. నలభైలో పడతాయి.

ఇక కథలోకి వెళదాం. మూత్రానికి చీమలు పడితే మధుమేహమని మన ఆయుర్వేద గ్రంథాలు ఏనాడో గుర్తించాయి. 17వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ రోగి మూత్రాన్ని రుచి చూసి తేనెలా ఉందని రాశాడు. 1776లో మాథ్యూ డాబ్సన్ మూత్రాన్ని మరగబెట్టి ఆవిరి చేసి, అడుగున మిగిలింది చక్కెరేనని చూపించాడు. రోగి రక్తం కూడా తియ్యగానే ఉందన్నది ఆయన చెప్పిన రెండో మాట. జబ్బు మూత్రంలో లేదు, ఒళ్లంతా ఉంది అన్న ఎరుక అక్కడ మొదలైంది.

ఉన్నదని తెలిసింది. ఎంత ఉందో తెలియాలి. దానికి వైద్యులు రంగును నమ్ముకున్నారు. అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో మైలుతుత్తం కలిపిన నీలి ద్రావణం ఒకటి తయారుచేశాడు. ఇంటర్ బైపీసీ చదివిన వాళ్లు దాన్ని మరిచిపోరు. పరీక్ష నాళికలో 5 మిల్లీలీటర్ల ద్రావణం, ఎనిమిది చుక్కల మూత్రం వేసి వేడి చేస్తే, చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొద్దిగా ఉంటే ఆకుపచ్చ, పెరిగేకొద్దీ పసుపు, నారింజ, చివరకు ఇటుక ఎరుపు. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఒక కుర్రాడికి ఇన్సులిన్ ఎక్కించిన తర్వాత కూడా, ఆ మందు ఇంట్లో వాడుకునేవాళ్లకు దిక్కు ఈ రంగుల వరసే. వంటింట్లో స్పిరిట్ దీపం మీద మూత్రం మరగబెట్టుకున్న తరాలు ఉన్నాయి.

ఆ కాలంలో రక్తంలో చక్కెరను కొలవాలంటే ల్యాబే గతి. హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్, చైనా నుంచి వచ్చిన షియన్ వూ కలిసి 1919-20లో అందుకో పద్ధతి కట్టారు. చక్కెర ఎంత ఉంటే మాలిబ్డినం అంత చిక్కటి నీలంగా మారుతుంది, ఆ నీలాన్ని కొలిస్తే చక్కెర లెక్క తేలుతుంది. ఇక్కడ మనవాడొకడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి ఆ ఫోలిన్ విభాగంలోనే పనిచేశాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాడు. అదీ మాలిబ్డినం నీలమే. ఆయన కొలిచింది చక్కెరను కాదు, నిజమే. కానీ ఒంట్లోని కనపడని పదార్థాన్ని రంగుగా మార్చి, రంగును అంకెగా మార్చే విద్యకు పునాదులు పడ్డ గదుల్లో ఒక గోదావరి జిల్లా మనిషి చేయి కూడా ఉంది. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం.

మూత్ర పరీక్షకు పెద్ద లోపం ఉంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేనే మూత్రపిండాలు దాన్ని బయటికి వదులుతాయి. 150 ఉన్నా నీలమే, 50కి పడిపోయి మనిషి చెమటలు పట్టి వణుకుతున్నా నీలమే. పైగా మూత్రం చెప్పేది గంటల కిందటి సంగతి. అయినా ఇంటి పరీక్ష సులువు కావడానికి పునాది మూత్రమే వేసింది.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ ఊళ్లో మైల్స్ కంపెనీ ఉండేది. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే ఆల్కా-సెల్ట్‌జర్ మాత్ర వాళ్లదే. 1941లో వాళ్ల ఏమ్స్ విభాగం క్లినిటెస్ట్ అనే మాత్ర తెచ్చింది. నాళికలో వేస్తే తన వేడికి తానే మరిగి రంగు చూపిస్తుంది, దీపం అక్కర్లేదు. అదే కంపెనీలో హెలెన్ ఫ్రీ అనే ఆవిడ పనిచేసేది. ఇంగ్లిషు, లాటిన్ పాఠాలు చెప్పే టీచర్ కావాలనుకుని కాలేజీలో చేరిన అమ్మాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మగపిల్లలు సైన్యంలోకి వెళ్లడంతో సైన్సు తరగతుల్లో ఖాళీలు ఏర్పడ్డాయి, ఆమె రసాయన శాస్త్రానికి మారింది. భర్త ఆల్ఫ్రెడ్ ఫ్రీతో కలిసి ఆమె వేసిన ప్రశ్న ఇది: నాళిక కూడా లేకుండా, కాగితం ముక్క ముంచి తీస్తే చాలదా?

1956లో వచ్చిన క్లినిస్టిక్స్ ఆ ప్రశ్నకు జవాబు. కాగితం కొసకు రెండు ఎంజైములు, ఒక రంగు పదార్థం అద్దారు. మొదటి ఎంజైమ్ గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఇది బూజు నుంచి దొరుకుతుంది. ఉప్పు, పులుపు, వేరే చక్కెరల జోలికి పోకుండా గ్లూకోజ్‌నే పట్టుకోవడం దీని గొప్ప. పట్టుకున్నాక హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, రెండో ఎంజైమ్ దాన్ని వాడుకుని రంగు తెప్పిస్తుంది. ఈ రోజు సిత్రా గదిలోని స్ట్రిప్పుకు మూలపురుషుడు ఆ కాగితం ముక్కే. హెలెన్ ఫ్రీ 98 ఏళ్లు బతికి 2021లో కన్నుమూసింది. షుగర్ ఉన్న ప్రతి ఇంటికీ ఆమె పేరు తెలియాలి. మన ఇళ్లలో తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కించేటంత మంది కూడా ఉండరేమో.

మూత్రం నుంచి రక్తానికి దాటడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. 1965లో అదే ఏమ్స్ విభాగంలో ఎర్నెస్ట్ ఆడమ్స్ బృందం డెక్స్‌ట్రోస్టిక్స్ చేసింది. పెద్ద చుక్క రక్తం వేసి సరిగ్గా నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, సీసా మీది రంగుల పటంతో పోల్చుకోవాలి. ఒకరి కంటికి 140లా కనిపించిన నీలం ఇంకొకరికి 200లా కనిపించేది. కంటి గొడవ తీర్చడానికి ఆంటన్ క్లెమెన్స్ రంగు మీద పడి తిరిగొచ్చే వెలుగును కొలిచే యంత్రం తయారుచేశాడు. 1970 ప్రాంతంలో అమ్మకానికి వచ్చిన ఆ మిషను కిలోకు పైగా బరువు తూగేది, ధర అయిదు వందల డాలర్ల దరిదాపు. అది డాక్టర్లకే అమ్మేవాళ్లు, రోగులకు కాదు.

రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరుకు పన్నెండో ఏటినుంచీ షుగర్. ఆ మిషను కావాలంటే కంపెనీ ఇవ్వనంది. భార్య డాక్టరు కాబట్టి ఆమె పేరున తెప్పించుకున్నాడు. రోజుకు పలుమార్లు తన రక్తం తానే చూసుకుంటూ, తిండినీ ఇన్సులిన్‌నూ ఆ అంకెల ప్రకారం సర్దుకున్నాడు, ఒళ్లు దారికొచ్చింది. రాసి పంపితే వైద్య పత్రికలు పట్టించుకోలేదు. ఆయన నలభై దాటాక వైద్య కళాశాలలో చేరి డాక్టరై మరీ తన మాట చెప్పాడు. ఈ మొత్తం చరిత్రలో నన్ను కదిలించేది ఇదే. అంకె రోగి చేతికి రావడానికి అడ్డు యంత్రం ఒక్కటే కాదు, రోగికి ఎందుకన్న ఆలోచన కూడా. 1970ల చివర బ్రిటన్ వైద్యులు ఇంటి పరీక్ష పనికొస్తుందని చూపించారు. 1993లో అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 రోగుల మీద సాగిన డీసీసీటీ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్లలో కంటిపొర దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గిందని తేలింది. అప్పటితో వాదం ముగిసింది.

ఈలోగా స్ట్రిప్పు లోపలి పని మారిపోయింది. 1962లో లేలండ్ క్లార్క్ ఎంజైమును ఎలక్ట్రోడు మీద ఉంచి కొలవచ్చని చెప్పాడు. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఆ దారి పట్టుకుని, 1987లో మెడిసెన్స్ కంపెనీ ద్వారా పెన్ను సైజు ఎక్సాక్‌టెక్ మిషను తెచ్చారు. కడగడం, తుడవడం, రంగు చూడడం పోయాయి. గ్లూకోజ్ నుంచి ఎంజైమ్ తీసుకున్న ఎలక్ట్రాన్లే కరెంటుగా పారుతాయి, మిషను ఆ కరెంటును లెక్కపెడుతుంది. నేటి స్ట్రిప్పులు చాలావరకు ఈ రకమే. మైక్రోలీటరు లోపు రక్తం, అయిదారు సెకన్లు.

అంటే తెలివంతా స్ట్రిప్పులో ఉంది, మిషను లెక్కగుమాస్తా. కొనేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. మిషను చవగ్గా వస్తుంది, ఒక్కోసారి ఉచితంగా ఇస్తారు, ఖర్చంతా తర్వాత నెలనెలా స్ట్రిప్పుల మీద. ఒక కంపెనీ స్ట్రిప్పు ఇంకో కంపెనీ మిషనుకు పనికిరాదు. కాబట్టి ముందు స్ట్రిప్పు ధర, అది సిత్రా ఫార్మసీలోనూ సొంతూరి మెడికల్ షాపులోనూ దొరుకుతుందా లేదా చూసి, ఆ తర్వాతే మిషను ఎంచుకోవడం మంచిది. 2014 జనవరిలో భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో తయారైన దేశవాళీ మిషన్లు, స్ట్రిప్పులు ఢిల్లీలో విడుదలయ్యాయి. వాటిలో హైదరాబాద్ బిట్స్ పిలానీ ప్రాంగణం పని కూడా ఉంది. స్ట్రిప్పు నాలుగు రూపాయలకు మించకూడదన్నది ఆనాటి లక్ష్యం. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా కట్టాక ఆ లక్ష్యం విలువ ఇంకా పెరిగింది.

ఎంజైమ్ ప్రాణం ఉన్నదాని నుంచి వచ్చిన సరుకు. దానికి వేడి, తడి గిట్టవు. చాలా స్ట్రిప్పులను 30 డిగ్రీల లోపే ఉంచమంటారు. బహ్రెయిన్ ఎండాకాలం నలభై దాటుతుంది, గాలి ఉక్కగా చెమ్మగా ఉంటుంది. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పని ఆపాలని 2007 నుంచి వేసవి నిషేధం ఉన్న దేశమిది. ఇలాంటి చోట ఆగి ఉన్న వ్యాన్ డాష్‌బోర్డు మీద స్ట్రిప్పుల డబ్బా వదిలితే ఆ డబ్బా పోయినట్టే. ఫ్రిజ్‌లో పెట్టడమూ తప్పే. డబ్బా లోపల చెమ్మ పీల్చే పదార్థం ఉంటుంది కాబట్టి స్ట్రిప్పులను కాగితంలో చుట్టి జేబులో వేసుకోకూడదు, తీసిన వెంటనే మూత బిగించాలి. ఇన్సులిన్ అయితే విమానంలో చేతిసంచిలోనే రావాలి, లగేజీలో వేస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది.

చేతులు కడుక్కోకుండా గుచ్చుకోవద్దు. ఖర్జూరం ఒలిచిన వేలికి అంటిన తీపి చాలు, అంకె అమాంతం ఎక్కడానికి. వేలి కొసన కాక పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ, పట్టుకుని పనిచేసే చేతులకు అదే నయం. గదిలో నలుగురూ ఒకే పెన్ను వాడే అలవాటు మాత్రం ఈ రోజే మానాలి. సూది మార్చినా పెన్నుకు అంటిన రక్తం ద్వారా హెపటైటిస్ బి పాకుతుంది. మిషను ఒకటి పంచుకోవాల్సి వస్తే ప్రతిసారీ తుడవాలి, గుచ్చే పెన్ను ఎవరిది వాళ్లదే. రంజాన్ ఉపవాసాల్లో వేలు గుచ్చుకుంటే ఉపవాసం భంగమవుతుందని కొందరు సోదరులు పరీక్ష మానేస్తారు. కాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. చక్కెర 70 కంటే కిందికి పడితే, 300 దాటితే ఉపవాసం విరమించాలని కూడా.

ఈ అంకెలు మన లెక్కలో, డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పాను. బహ్రెయిన్‌లో ల్యాబ్ కాగితాలు సాధారణంగా లీటరుకు మిల్లీమోళ్లలో వస్తాయి. ఆ లెక్కలో 7 మన లెక్కలో 126. ఆ లెక్కలో 11 మన లెక్కలో 198. పద్దెనిమిదితో హెచ్చవేస్తే సరి. "నాకు షుగర్ తొమ్మిదేనట" అని ఫోన్లో చెబితే ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, నిజానికి అది 162. కొత్త మిషను కొంటే ఏ లెక్క చూపిస్తుందో పెట్టె మీద చదవాలి, పుస్తకంలో అంకె పక్కన లెక్క కూడా రాసుకోవాలి.

చేతికి అంటించుకుంటే రెండు వారాలు చక్కెర చూపే సెన్సర్లు కూడా వచ్చాయి. వీటిలో ఫ్రీస్టైల్ లిబ్రే 2014లో యూరప్‌లో విడుదలైంది. కూలీ జీతానికి అవి ఇంకా బరువే. ఏడాదికి రెండుసార్లయినా చేయించుకోవాల్సింది హెచ్‌బీఏ1సీ. దానికి దారి చూపినవాడు సముద్రానికి అవతలి ఒడ్డువాడు, ఇరాన్ వైద్య శాస్త్రవేత్త సామ్యూల్ రహ్బార్. 1968లో టెహరాన్‌లో షుగర్ రోగుల హీమోగ్లోబిన్‌లో తేడా కనిపెట్టాడు. రెండు మూడు నెలల సగటు చెప్పే ఈ పరీక్షకు పరగడుపున వెళ్లనక్కర్లేదు. డ్యూటీ దిగి వెళుతూ ఇచ్చి రావచ్చు. ఫలితం శాతంలో వస్తే సిత్రాలో రాసిన 7.2 సిరిసిల్ల డాక్టరు ముందు కూడా 7.2 గానే ఉంటుంది.