పేర్లు రాయని తస్వీర్లు

ఒకే అట్ట మీద పక్కపక్కన రెండు తస్వీర్లుంటాయి. చూడ్డానికి రెండూ ఒకటే. అట్ట పొడవు ఏడంగుళాలు, ఎత్తు మూడున్నర. పిడి ఉన్న ఒక చెక్క పరికరంలో ఆ అట్టను నిలబెట్టి, దానికున్న రెండు అద్దాలకు కళ్ళు ఆనిస్తే అవి కలిసి ఒక్క తస్వీర్ అయిపోతాయి. మీనార్ ముందుకొస్తుంది, ఆస్మాన్ వెనక్కి జరుగుతుంది. గుంపులో నిలబడ్డ మనుషుల మధ్య ఖాళీ కూడా కనపడుతుంది. వీటినే స్టీరియో కార్డులంటారు. ఇలాంటివి మా ఇంట్లో అరవై దాటాయి. మా బేగం లెక్కలో అదంతా కబాడీ. నా లెక్కలో తారీఖ్.

దీని వెనక జాదూ ఏమీ లేదు. మన రెండు కళ్ళ మధ్య దూరం సుమారు రెండున్నర అంగుళాలు. అందుకే ఒక కన్ను చూసేదానికీ రెండో కన్ను చూసేదానికీ కొద్దిగా తేడా ఉంటుంది. కెమెరాతో కూడా అలాగే కాస్త ఎడంగా రెండు ఫొటోలు తీసి, ఏ కంటికి చెందింది ఆ కంటికి చూపిస్తే, మిగతా పని దిమాగ్ చేసుకుంటుంది.

రెండు కళ్ళున్నా వస్తువు ఒక్కటిగానే ఎందుకు కనిపిస్తుందన్న సవాలు పాతదే. బస్రాలో పుట్టి కైరోలో ఉండిపోయిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ళ కిందటే తన 'కితాబుల్ మనాజిర్'లో దాన్ని పట్టుకుని, చెక్క పలక మీద రంగు గీతలు గీసి మరీ తజుర్బా చేశాడు. అలాగని స్టీరియోస్కోప్‌ను ఆయనే కనిపెట్టాడని చెప్పుకుంటే అది ఆయనకు మనం చేసే నాఇన్సాఫీ. ఆయన పని ఆయనకు చాలినంత పెద్దది. రెండు కళ్ళ చూపుల్లోని తేడాయే లోతును పుట్టిస్తుందని పరికరం కట్టి చూపించింది చార్ల్స్ వీట్‌స్టన్, 1838లో, లండన్‌లో. అప్పటికింకా ఫొటోగ్రఫీ లోకానికి తెలీదు. ఆయన చూపించినవి గీసిన బొమ్మలు. తర్వాత డేవిడ్ బ్రూస్టర్ అద్దాల డబ్బా తయారైంది. 1851 లండన్ ఎగ్జిబిషన్‌లో విక్టోరియా రాణి దాన్ని చూసి ముచ్చటపడింది. ఇక జనం ఆగుతారా! 1861లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే డాక్టర్ చేత్తో పట్టుకునే చవక పరికరం తయారుచేసి, దానికి పేటెంట్ కూడా తీసుకోలేదు. దాంతో ఈ షౌక్ మామూలు ఇళ్ళలోకీ వచ్చేసింది.

సినిమా, రేడియో లేని జమానా అది. అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్, కీస్టోన్ లాంటి అమెరికన్ కంపెనీలు ఫొటోగ్రాఫర్లను దేశదేశాలకు పంపాయి. కాలేజీ కుర్రాళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఆ కార్డుల పెట్టెలు అమ్మారు. జేమ్స్ రికాల్టన్ అనే బడిపంతులు హిందుస్తాన్ అంతా తిరిగి తీసినవాటితో వంద కార్డుల సెట్టు, దానికి జోడీగా ఒక కితాబ్ 1907లో వచ్చాయి.

నేను ఈ కార్డుల్ని ముందు వెనక నుంచే చదువుతాను. అండర్‌వుడ్ వాళ్ళ చాలా కార్డుల వెనక పేరు ఆరు జబానుల్లో ఉంటుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, స్వీడిష్, రష్యన్. తస్వీర్‌లో ఉన్నది మనం. కానీ ఉర్దూ లేదు, హిందీ లేదు, తెలుగు లేదు. చూసేవాడెవడో, చూడబడేవాడెవడో ఆ ఆరు లైన్లే చెప్పేస్తాయి. ఇమారతుకు పేరుంటుంది, ఊరికి పేరుంటుంది. మనిషి మాత్రం భిస్తీ, ఫకీరు, నాచ్ పిల్ల. అంతే.

ఫలస్తీన్ కార్డులైతే ఇంకో రకం. అక్కడ కంపెనీలకు కావలసింది బైబిల్ దేశం. బేత్లెహేములో పంట కోస్తున్న ఆ ఊరి ఆడవాళ్ళు కార్డెక్కేసరికి రూతు కథలో పాత్రలైపోయారు. వాళ్ళ ఊరు వాళ్ళది కానట్టు, వాళ్ళు వేల ఏళ్ళ కిందటివాళ్ళయినట్టు.

మక్కాలోకి ఆ కంపెనీల ఫొటోగ్రాఫర్లకు ఇజాజత్ లేదు. అక్కడ కెమెరా పట్టింది మనవాళ్ళే. మిస్ర్ ఫౌజులో ఇంజనీరైన ముహమ్మద్ సాదిక్ బే 1861లో మదీనాను, 1880లో మక్కాను ఫొటో తీశాడు. మన చిన్నప్పుడు హజ్‌కెళ్ళొచ్చినవాళ్ళు ఖజూర్, జమ్‌జమ్‌తో పాటు తెచ్చిన ప్లాస్టిక్ కెమెరా బొమ్మ గుర్తుందా? మీట నొక్కితే కాబా, ఇంకోసారి నొక్కితే సబ్జ్ గుంబద్. దాంట్లో ఒంటికన్నుతో చూసేవాళ్ళం కాబట్టి లోతు ఉండేది కాదు. అయినా కొట్టుకుని మరీ చూశాం.

ఇక్కడ హైదరాబాదులో నడిచిన పని వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బార్ ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్‌కు 'ముసవ్విర్ జంగ్' ఖితాబు దక్కింది. ఆయన 1892లో జనానా స్టూడియో తెరిచాడు. లోపల ఫొటోలు తీసేదీ ఆడమనిషే. పర్దా బీబీలు అక్కడికి తమ ఇష్టంతో వచ్చి, తమకు నచ్చినట్టు కూర్చుని, తస్వీర్ ఇంటికి తీసుకెళ్ళారు. కార్డులోని మనిషికి ఆ ఇఖ్తియార్ లేదు. తన ముఖం ఏ దేశంలో ఎవరి దీవాన్‌ఖానాలో చేతులు మారుతోందో అతనికి ఖబరే లేదు.

కొనాలనుకునేవాళ్ళకు రెండు ముక్కలు. అట్ట వంపు తిరిగి ఉంటే పాడైందనుకోకండి, 1880 తర్వాత చాలావాటిని అలాగే చేశారు. బరువుపెట్టి చదును చేస్తే పైనున్న ఫొటో పగులుతుంది. మూలలు పదునుగా ఉంటే తరచుగా 1870కి ముందువి, గుండ్రంగా ఉంటే తర్వాతివి. జుమేరాత్ బజార్‌లో ఒకాయన నాకు చూపించినదాంట్లో ఒకే ఫొటోను రెండుసార్లు అతికించారు. అది ఎంతసేపు చూసినా లోతు రాదు. దగ్గరి వస్తువు అంచు, దాని వెనకున్న గోడ మీద రెండు తస్వీర్లలో ఒకేచోట పడితే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

నా దగ్గరున్నవాటిలో నాకు ప్యారా కార్డు ఢిల్లీ జామా మస్జిద్‌ది. దాని మీద 1903 అని ఉంది. సహన్ నిండా సఫులు కట్టిన జనం. 1857లో ఢిల్లీ ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడ్డాక ఈ మస్జిద్‌ను జప్తు చేసి, అందులో సిపాయిలను దించారు. కూలగొట్టాలన్న మాట కూడా నడిచింది. ముసల్మాన్లకు తిరిగి ఇచ్చింది 1862లో. ఆ అయిదేళ్ళూ అక్కడ అజాన్ లేదు. కార్డు వెనక ఇదంతా లేదు. మొదటి సఫులో తెల్ల గడ్డం బుజుర్గ్ ఒకాయన ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయనుకుంటే ఆ గదర్ నాటికి ఆయనకు పద్నాలుగు. మస్జిద్ మూసేసిన రోజులూ, మళ్ళీ తెరిచిన రోజూ ఆయన కళ్ళతో చూసే ఉండొచ్చు. కార్డుకు ఆయన ఉత్త నమాజీ.

మా అమ్మీకి చూపించాను. పరికరం కళ్ళకు ఆనించుకుని చాలాసేపు చూసింది. ఆ బుజుర్గ్ పక్కన ఏడెనిమిదేళ్ళ పిల్లాడు ఉన్నాడు, నేను అంతవరకూ వాణ్ణి పట్టించుకోలేదు. "వీడి టోపీ కొత్తది బేటా, ఇంట్లో కుట్టింది. మనవడే అయ్యుంటాడు, చూడు, దాదా పక్కనుంచి కదల్లేదు" అంది.