బేటన్ దించిన చేయి

1829 మార్చి 11న బెర్లిన్‌లోని జింగ్ అకాడెమీ సభామందిరంలో బాఖ్ ‘సెయింట్ మాథ్యూ పాషన్’ వినిపించింది. బాఖ్ మరణించి అప్పటికి దాదాపు 80 ఏళ్లు. లైప్‌జిగ్ చర్చి కోసం ఆయన రాసిన ఆ కృతిని ఆ నగరం వెలుపల అంతవరకు విన్నవారు చాలా అరుదు. బృందాన్ని నడిపినవాడు ఇరవై ఏళ్ల ఫెలిక్స్ మెండెల్సన్. బాఖ్ పునరుద్ధరణకు ఆ రాత్రినే నాందిగా చెబుతారు. అయితే నూట యాభైకి పైగా గొంతులు అంత కఠినమైన కృతికి ఎలా సిద్ధమయ్యాయన్నది అంతకన్నా పాత కథ.

క్వయర్ కండక్టర్ పని మన భజన గోష్ఠి నాయకుడి పనికి భిన్నమైనది. గోష్ఠిలో నాయకుడు ముందు పాడతాడు, తక్కినవారు అందుకుంటారు. ఆయన గొంతే వారికి దారి. పాశ్చాత్య బృందగానంలో సాధారణంగా నాలుగు రకాల గొంతులు ఒకేసారి నాలుగు వరసలు పాడతాయి. ‘పాషన్’లో అలాంటి బృందాలు రెండు. గాయకుడికి తన వరస, పక్కవారి గొంతు మాత్రమే స్పష్టంగా వినిపిస్తాయి. మొత్తం ఎలా ఉన్నదో వినగలిగేది ఎదురుగా నిలిచినవాడే, ఆయన పాడడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాట చివరి హల్లును ఎప్పుడు పలకాలో, ఏ గొంతు తగ్గి మరొకదానికి చోటివ్వాలో అభ్యాసంలోనే తేల్చాలి. సభలో ఆయన చేయి ఆ ఒప్పందాన్ని గుర్తుచేస్తుంది.

బెర్లిన్‌లో ఆ ఒప్పందానికి పునాది 1791లో పడింది. స్త్రీపురుషులు కలిసి పాడే ఔత్సాహికుల సంఘంగా ఫాష్ జింగ్ అకాడెమీని నెలకొల్పాడు. 1800లో ఆయన మరణించాక బాధ్యత జెల్టర్‌కు వచ్చింది. తండ్రి నుంచి తాపీపని నేర్చిన జెల్టర్, బాఖ్ రచనలను ఏళ్ల తరబడి అభ్యాసాలలో పాడించాడు. వాటిలో అధికభాగం సభకెక్కలేదు. మెండెల్సన్ ఆయన శిష్యుడే. మిత్రుడు డెవ్రియెంట్‌తో కలిసి ‘పాషన్’ను ప్రదర్శిస్తామని అడిగినప్పుడు డెబ్బై ఏళ్ల గురువు మొదట ఒప్పుకోలేదు. చివరికి తన బృందాన్ని వారి చేతిలో పెట్టాడు.

శిష్యుడి పాత్ర చిన్నది కాదు. శ్రోతల ఓపిక గ్రహించి అనేక భాగాలను తొలగించాడు. గురువు సాహసించనిదానికి సాహసించాడు. గానం సాఫీగా సాగుతున్నప్పుడు మెండెల్సన్ బేటన్ దించి వింటూ ఉండిపోయేవాడని డెవ్రియెంట్ జ్ఞాపకాలలో రాశాడు. చేయి ఆగినా పాట ఆగకపోవడానికి వెనుక జెల్టర్ ఏళ్ల శ్రమ ఉంది. ఏప్రిల్‌లో మెండెల్సన్ ఇంగ్లండ్ వెళ్లాక, గుడ్ ఫ్రైడే నాటి ప్రదర్శనను జెల్టరే నడిపాడు.

1832లో జెల్టర్ మరణించాడు. మరుసటి జనవరిలో సభ్యులు ఓటు వేసి, మెండెల్సన్‌ను కాదని జెల్టర్‌కు చిరకాల సహాయకుడైన రుంగెన్‌హాగెన్‌ను ఎన్నుకున్నారు. మెండెల్సన్ యూదు వంశంలో పుట్టడం కూడా ఇందుకొక కారణమని చరిత్రకారులు అంటారు. ఆ వివక్షను దాచనక్కరలేదు. అయితే ఆ ఓటులో మరొకటి కూడా కనిపిస్తుంది: తమకు చరిత్రలో చోటు తెచ్చిన ఒక్క రాత్రి కన్నా, వారం వారం తమ ఎదుట నిలబడినవాడి ఓర్పునే ఆ గాయకులు ఎక్కువగా నమ్మారు.